పాలు చేపడానికి పట్టే సేపు

"ఆ పిల్లకు పాలు లేవట" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంట్లో చింతపండు అయిపోయిందన్నంత తేలిగ్గా అనేస్తారు. ఉన్నాయో లేవో చూసినవాళ్ళు ఉండరు. ఎందుకు రావడం లేదని అడిగినవాళ్ళు అంతకన్నా ఉండరు. నేను చదివింది మూడో తరగతి దాకా. డాక్టరును కాను, నర్సును కాను. హోసూరులో ఒక కంపెనీలో బిడ్డల గదికి ఆయాగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని కంపెనీ బస్సులెక్కే ఆడపిల్లలారా, మీలో తల్లులైనవాళ్ళూ ఉంటారు, కాబోయేవాళ్ళూ ఉంటారు. మీ కోసం ఈ ఒక్క సంగతి రాసిపెడుతున్నాను. పేర్లు రాయను. ఇందులోని మనుషుల్లో కొందరు ఇంకా బతికే ఉన్నారు. ఎవరి సంగతో వాళ్ళకు తెలిస్తే చాలు.

డెబ్భైల చివర్లో మా పొలాల పక్కన కంపెనీలు లేచాయి. రాగులు, ఉలవలు పండిన చోట గోడలు వచ్చాయి, ఆ గోడల మీద గాజుపెంకులు వచ్చాయి. మా కంపెనీలో చిన్న చిన్న కరెంటు స్విచ్చులు బిగించేవాళ్ళు. వేళ్ళు సన్నంగా ఉంటాయని ఆడపిల్లలను పనిలోకి తీసుకున్నారు. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళవుతాయని, పెళ్ళయితే పిల్లలు పుడతారని మాత్రం కంపెనీవాళ్ళకు కొన్నేళ్ళ తర్వాత గానీ తట్టలేదు. చట్టం ఊరుకోదని ఎవరో చెప్పాక స్టోరు రూములో సగం ఖాళీ చేసి, ఉయ్యాలలు కట్టించి, దానికి బిడ్డల గది అని పేరు పెట్టారు. అందులో నన్ను పెట్టారు.

నా పద్ధతులు నాకుండేవి. పాత చీరలు చింపి, ఉడకబెట్టి, బిడ్డలకు గుడ్డలు కుట్టేదాన్ని. అరిగిపోయిన సబ్బు ముక్కలను గుడ్డలో మూటకట్టి వాడేదాన్ని. కంపెనీవాళ్ళు కొత్త తువ్వాళ్ళు ఇస్తామంటే వద్దన్నాను. కొత్త బట్ట పసిబిడ్డ ఒంటికి గీరుకుంటుంది. పిసినారి ఆయమ్మ అని వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒకసారి తల్లులను పాలివ్వడానికి వదిలేవాళ్ళు. పావుగంట. ఆ పావుగంటలోనే స్విచ్చులు బిగించే లైను దగ్గరి నుంచి నడిచి రావాలి, వేళ్ళకంటిన నూనె కడుక్కోవాలి, బిడ్డను ఎత్తుకోవాలి, పాలివ్వాలి, మళ్ళీ నడిచి పోవాలి. సూపర్వైజరు ఒకాయన ఉండేవాడు. మేమంతా మేస్త్రీ అనేవాళ్ళం. ఆయన మెడలో ఒక ఈల వేలాడేది. పావుగంట కాబోతోందంటే గది పరదా పక్కన నిలబడి ఒక ఈల ఊదేవాడు, అయ్యాక ఇంకొకటి. రెండు ఈలల మధ్య వాచీ చూసుకుంటూ అరుపులు.

"ఏమ్మా, ఎంత సేపు? లైను నిలిచిపోయింది ఆడ! మీ బిడ్డలు తాగేదాకా నిలబడితే నా బిడ్డలకు అన్నం ఎవురు పెడతారు?"

ఆయన మీద ఇంకొకాయన వాచీ పట్టుకుని నిలబడి ఉండేవాడని నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గేది కాదు. పసిబిడ్డల గది ముందర ఈల ఊదమని ఏ పైవాడు చెప్పాడు? లారీ వెనక్కి తీసేటప్పుడు ఊదే ఈల అది!

బాగలూరు నుంచి వచ్చే ఒక పిల్ల ఉండేది. తొలికాన్పు. మూడు నెలల మగబిడ్డను చంకనేసుకుని రోజూ బస్సులో వచ్చేది. లైనులో అందరికన్నా ఆమె చెయ్యే చురుకని మేస్త్రీ కూడా ఒప్పుకునేవాడు. బిడ్డల గదిలోకి వచ్చేసరికి ఆ చేతులకే రవిక హుక్కులు అందేవి కావు. రొమ్ములు రాళ్ళలాగా గట్టిపడి, నొప్పితో భుజాలు వంచుకుని వచ్చేది. గోడకానుకుని కూర్చుని బిడ్డ నోటికి అందించేది. వాడు లాగేవాడు, లాగేవాడు, వదిలేసి ఏడ్చేవాడు. చుక్క రాదు. ఆమె కళ్ళు బిడ్డ మీద ఉండేవి కావు, పరదా మీద ఉండేవి. ఈల వినబడగానే ఉలిక్కిపడి, బిడ్డను నా చేతిలో పెట్టి పరుగెత్తేది.

అసలు చోద్యం ఆ తర్వాత. లైనులో కూర్చుని స్విచ్చులు బిగిస్తుండగా గోడకు ఇవతల ఎవరి బిడ్డ ఏడ్చినా సరే, ఆమెకు పాలు వాటంతటవే కారిపోయేవి. యూనిఫారం చీర ముందంతా తడిసిపోయేది. మేస్త్రీ అది చూసి అందరి ముందర "ఏందమ్మా ఈ గలీజు?" అన్నాడు. లేని పాలు ఎక్కడి నుంచి కారుతున్నాయని ఆయన అడగలేదు. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కూడా అడగలేదు. డబ్బా పాలు పెట్టమని మాత్రం ప్రతి ఒక్కరూ సలహా చెప్పారు.

పెట్టారు. డబ్బా తొందరగా అయిపోకూడదని ఇంట్లో నీళ్ళు ఎక్కువ కలిపారు. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. తొడల మీద చర్మం వదులై ముడతలు పడింది. ఏడుపు కూడా సన్నబడింది. బిడ్డల గదిలో పనిచేసినవాళ్ళకు ఆ సన్నబడిన ఏడుపుకు అర్థం తెలుసు.

"నేను పని ఇడిసిపెడతానక్కా," అంది ఒకరోజు ఆ పిల్ల.

ఆమె మొగుడికి ఒకరోజు కూలి దొరికితే ఒకరోజు దొరకదు. ఆమె జీతం మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. "ఇంటి కాడ ఉంటే వస్తాయా పాలు?" అని అడిగాను.

"యాడ వస్తాయిక్కా? మా అత్త ఎదురుగ్గా కూసోని చూస్తాది. నా కొడుక్కి ఎండిన పొదుగును కట్టినారు అంటాది. అది ఇనపడినాక ఈడ ఎట్లనో ఆడా అట్లనే. ఆమె గడ్డికి పోయినప్పుడు మాత్రం బాగా వస్తాయి."

ఎండిన పొదుగు! ఆ అత్తను చూడకముందే నాకు ఆమె మీద కోపం వచ్చింది. చూసే రోజు కూడా తొందరలోనే వచ్చింది.

బిడ్డలను చూడడానికి కృష్ణగిరి నుంచి వారానికొకసారి ఒక లేడీ డాక్టరు బస్సులో వచ్చేది. తమిళావిడ. ఈ వైపు ఊళ్ళు తిరిగి తిరిగి మా తెలుగు నేర్చుకుంది. ఈ పిల్ల సంగతి చెప్తే, ఈసారి పాలిచ్చే వేళకు దగ్గరే కూర్చుని చూస్తానంది. ఆమె వచ్చిన ఆ రోజే, ఆమె కన్నా ముందు, బాగలూరు అత్త గేటు దగ్గర దిగబడింది.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ప్యాకెట్టు పాలు తాగి పెరిగినవాళ్ళకు తెలియకపోవచ్చు. ఆవుకైనా బర్రెకైనా పాలు పొదుగులో పైన ఉంటాయి. దూడ మూతితో పొడిచి కుడిస్తే చన్నుల్లోకి దిగుతాయి. అట్లా దిగడాన్ని చేపడం అంటారు. దిగకుండా పైకి పట్టేసుకుంటే ఎగచేపింది అంటారు. మా నోళ్ళలో చేపడం కాస్తా సేపడం అయిపోతుంది. మేస్త్రీ అడిగే "ఎంత సేపు"కూ, బర్రె సేపడానికీ మా వాళ్ళు పలికేది ఒకే మాట.

ఆ అత్తది ఎనుములు మేపే ఇల్లు. ఎనుములంటే బర్రెలే. ఆ ఏడు వాళ్ళ ఎనుముకు దూడ చచ్చిపోయింది. దూడ లేక అది చేపలేదు. ఎవరో ఒక సూదిమందు సీసా తెచ్చిచ్చారు. పొడిస్తే దూడ లేకపోయినా పాలు దిగాయి. ఇంకా మందు మిగిలి ఉన్న ఆ సీసానే అత్త కొంగుకు కట్టుకుని వచ్చింది.

"ఆయమ్మా, డాక్టరమ్మ వచ్చే దినం ఇదే గదా? దీన్ని మా కోడలికి ఏయించు."

"ఏందిది?"

"ఎనుముకు పొడిచేది. దూడ సచ్చిన ఎనుమే సేపింది, ఇది సేపదా?"

సీసాను ఆమె చేతిలోంచి లాక్కున్నాను. తర్వాత నా నోట చాలా మాటలు వచ్చాయి. "బుద్ధి ఉండాదా నీకు? అది ఆడబిడ్డా, ఎనుమా?"

"ఎనుమైతే ఇంత తకరారు యాడిది? సూది పొడిస్తే గమ్మున ఇస్తాది."

అప్పుడే డాక్టరు లోపలికి వచ్చింది. నేను సీసా చూపించి ఫిర్యాదు చేశాను. ఆమె ఈ ముసలమ్మను దులిపేస్తుందని నా ఆశ. దులపలేదు. సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, దాని మీద రాసింది చదివి, "ఇది మనుషుల ఒంట్లో కూడా ఉండేదే అవ్వా," అంది.

"సూసినావా!" అని అత్త నా వైపు తిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"దీన్ని హార్మోను అంటారు," అంది డాక్టరు.

"హార్మోనియమా? భజన్లో వాయించేదా?"

"అది కాదు అవ్వా. ఒంట్లో ఒక చోటు నుంచి ఇంకొక చోటుకు పోయే కబురు ఇది. బిడ్డ చన్ను లాగుతాడు గదా, ఆ సంగతి నరం మీద మెదడుకు పోతాది. అది టెలిఫోను మాదిరి, తక్షణం పోతాది. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి ఉండాది. అది ఈ హార్మోనును రక్తంలోకి వదులుతాది. ఈడ నుంచి టెలిఫోను లేదు, బస్సే. ఒళ్ళంతా తిరగాల."

"ఒళ్ళంతా ఎందుకు? పాలుండేది ఈడ గదా?"

"నేను కృష్ణగిరిలో బస్సెక్కినాను. శూలగిరిలో నిలిచింది, నేను దిగినానా? నాకు పనుండేది హోసూరులో. ఈ కబురు కూడా అంతే. అన్ని చోట్లకూ పోతాది, తనకు పనున్న చోటనే దిగుతాది. రొమ్ములో పాల తిత్తులుంటాయి. వాటి చుట్టూ సన్న కండ ఉంటాది. ఆడ దిగి, ఆ కండను పిండమంటాది. అప్పుడు పాలు చన్నులోకి వస్తాయి. దాన్నే గదా మీరు సేపేది అంటారు?"

అత్త నోరు తెరుచుకుని విన్నది. నేనూ విన్నాను. పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్న మాట, దాని లోపల ఇంత ప్రయాణం ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు.

"అదే మందయితే ఎయ్యి మరి," అంది అత్త.

"ఏసేదానికి ల్యాదు. ఇది ఎనుము ఒంటికి కొలిచిన మందు. ఈ బస్సుకు ఇంకొక నిలుపు కూడా ఉండాది, గర్భసంచి. ఆడ దిగి దాన్నీ పిండుతాది. నీ కోడలు కడుపు పట్టుకుని పొర్లాల. ఎందుకా ఆపద? ఆమె తల్లోనే ఈ మందు కావల్సినంత ఉండాది. మీరే దాన్ని బయలుదేరనీయకుండా పట్టినారు."

"మేమా?"

"మీరే. భయపడితే మూత్రపిండాల మీద ఉండే రెండు గ్రంథులు ఇంకొక కబురు వదుల్తాయి. పులి వచ్చింది, పరిగెత్తు అని. గుండె దడదడ కొట్టుకుంటాది, రక్తనాళాలు ఇరుకైపోతాయి. మెదడులో బస్సు డిపో దాటదు. దాటినా దారి ఉండదు. పులి ఎదురుగ్గా ఉంటే ఎవురైనా కూసోని పాలిస్తారా? ఈలకూ పులికీ తేడా ఒంటికి తెలీదవ్వా. పాలు తాగినకొద్దీ కొత్త పాలు ఊరాల, దానికి వేరే హార్మోను ఉండాది. దిగకుండా నిలిచిపోతే ఆ ఊరేది కూడా తగ్గిపోతాది. అప్పుడు నిజంగానే ఎండిపోతాయి."

అత్త గోడ వారన కింద కూర్చుంది. తర్వాత మెల్లగా, "అంటే ఎగసేపుతా ఉండాది," అంది.

"ఆమె కావాలని చేసేది కాదు," అంది డాక్టరు.

నేను ఊరుకోలేకపోయాను. "మీ కొట్టంలో పితికేటప్పుడు ఎవురైనా అరుస్తారామ్మా?"

"అరిస్తే ఊరుకుంటానా? కొత్త మనిషిని ఆ దిక్కుకే రానీను."

"కోడలి ముందర మాత్రం ఎండిన పొదుగు అంటావు."

మీకు అర్థమవుతోందా? ఎనుము బెదరకుండా చూసుకోవడం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దాని దగ్గర గొంతు తగ్గిస్తారు, వీపు నిమురుతారు. పాలిచ్చే తల్లి విషయంలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు, ఇంట్లో రాలేదు, కంపెనీలో రాలేదు. నాకు ఆ రోజు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఇంతలో పాలిచ్చే వేళయింది. ఆ పిల్ల వచ్చి, అత్తనూ డాక్టరునూ ఒకేచోట చూసి, గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయింది. డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. నేను వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి రొమ్ము మీద వేశాను. "పరదాను చూడొద్దు, బిడ్డను చూడు," అంది డాక్టరు. బిడ్డ నోరు పెట్టాడు. లాగుతున్నాడు. ఏమీ లేదు. ఆ పిల్ల మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనబడుతోంది. ఈ రోజు కూడా రాకపోతే రేపటి నుంచి పనికి రాదని నాకు తెలుసు. ఆ బిడ్డను మళ్ళీ చూస్తానో లేదో కూడా తెలియదు.

పరదా బయట ఈల మోగింది. ఆ పిల్ల ఎగిరిపడింది. బిడ్డ నోరు జారి కెవ్వుమన్నాడు.

"ఏమ్మా, ఎంత సేపు?" మేస్త్రీ గొంతు.

నేను లేచేలోపలే అత్త లేచింది. పరదా ఒక్క లాగు లాగి ఆయన ముందర నిలబడింది.

"ఎంత సేపంటావేందప్పా? సేపేదానికి సేపు పట్టదా?"

"నువ్వెవురమ్మా? యాడి నుంచి వచ్చినావు?"

"బాగలూరు నుంచి వచ్చినాను. మా ఎనుముల కాడ ఇట్ల ఈలేసింటే నిన్ను కుడితి తొట్లో ముంచిందును. మీయమ్మ నీకు పాలిచ్చేటప్పుడు ఎవురైనా నెత్తిన నిలబడి ఈలేసినారా? ఏసినట్టే ఉండారు, అందుకే ఇట్ల బక్కగా తయారైనావు!"

ఉయ్యాలల దగ్గర ఉన్న తల్లులందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గోడ వైపు తిరిగి కూర్చున్న ఆ పిల్ల భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది! అత్త ముందర గట్టిగా దగ్గడానికి కూడా భయపడే పిల్ల, ఆపుకోలేక, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. నవ్వుతూనే బిడ్డను మళ్ళీ అందించుకుంది. డాక్టరు వేలెత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమంది. అప్పుడు వినబడింది, వాడి గుటక. ఒకటి, మళ్ళీ ఒకటి, తర్వాత ఆపకుండా గుటగుటమని. బుగ్గల పక్క నుంచి పాలు కారుతున్నాయి. బిడ్డ తాగని పక్క కూడా చీర తడిసిపోయింది.

మేస్త్రీ గొంతు తగ్గించాడు. "నేను పైన జవాబు చెప్పుకోవాల గదమ్మా."

"నేను చెప్తాను," అంది డాక్టరు. "మీరు పోయి మీ మేనేజరుకు నేను వస్తా ఉండానని చెప్పండి."

ఆయన పోయాడు. బిడ్డ తాగి తాగి, మత్తెక్కినట్టు కళ్ళు మూసుకుని, తనంతట తనే వదిలిపెట్టాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. "రెండో ఈల కూడా అయిపోయిందాక్కా?"

"లేదు. కూసో. ఇంకొక పక్క కూడా ఇయ్యి," అన్నాను.

సూదిమందు సీసాను మురుగు మోరీలో నేనే ఒంపేశాను. ఏది పారబోయాలన్నా నాకు మనసొప్పదు. అది మాత్రం చివరి చుక్క దాకా విదిలించాను. ఆ ముసలమ్మ "అయ్యో, ఎనుముకైనా పనికొచ్చేదే" అని గొణిగింది. ఎనుముకు కూడా దానికన్నా కాస్త ఓపిక మేలని డాక్టరు చెప్పింది. వింటుందని నాకు నమ్మకం లేదు.

డాక్టరు మేనేజరుతో ఏమి మాట్లాడిందో నాకు తెలియదు. బిడ్డల గది దగ్గర ఈల ఊదకూడదన్నారు. ఈల బదులు గది లోపల గుమ్మం మీద ఒక ఎర్ర బల్బు పెట్టారు, టైమయితే వెలిగేటట్టు. తెలివి చూడండి! మొదటి రోజు అది వెలగగానే అందరి మెడలూ మళ్ళీ అటే తిరిగాయి. మరుసటి రోజు నేను ఉతికిన గుడ్డ ఒకటి ఆ బల్బు మీద ఆరేశాను. మేస్త్రీ అడిగితే, "వానాకాలమప్పా, గుడ్డలు ఆరడం లేదు," అన్నాను. నిజమే, బల్బు వేడికి బాగా ఆరేవి, కరెంటు కంపెనీది. ఆయన ఆ గుడ్డను తీయమని ఎప్పుడూ అడగలేదు. కాస్త పక్కకు పోయి నిలబడేవాడు.

ఆ అత్త ఒక్కరోజులో మారిపోయిందని చెప్తే అబద్ధం. ఉప్పు ఎక్కువైందని, ముగ్గు వంకరైందని కోడలిని తిడుతూనే ఉండేదట. బిడ్డ పాలు తాగేటప్పుడు మాత్రం లేచి బయటికి పోయేదట. ఆ పిల్ల పని మానలేదు. బిడ్డ తొడలు మళ్ళీ నిండాయి. ఏడిస్తే బిడ్డల గది గోడలు అదిరేవి. అంత గట్టిగా ఏడ్చే బిడ్డను చూసి నేను అంతకు ముందెప్పుడూ అంత సంతోషపడలేదు.

కొన్నాళ్ళకు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. మేస్త్రీ అందరినీ నిలబెట్టి చదివి వినిపించాడు. యాజమాన్యం దయతలచి, పాలిచ్చే తల్లులకు పావుగంట బదులు అరగంట మంజూరు చేసిందట. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అడుగడుగునా అడ్డం పడినవాళ్ళు కొంచెం పక్కకు జరిగి, దాన్ని దయ అనుకోమంటున్నారు. చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళ మీద కూడా నాకు కోపం వచ్చింది. సాయంత్రం కోడలినీ మనవడినీ తీసుకుపోవడానికి బాగలూరు అత్త గేటు దగ్గరికి వస్తే, ఆమెకు చెప్పాను.

ఆమె బిడ్డను చంకనేసుకుంటూ ఆగి, కంపెనీ గేటు వైపు ఒకసారి చూసింది.

"దయా? పాలు నా కోడలివి, తాగేది నా మనవడు. నడమ వీళ్ళేందమ్మా ఇచ్చేది?"